‘ఎట్ల తెలిసింది’ అనే గడి

రెండు వారాల కింద గురువారం పొద్దున మా బడి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. "మన లెక్కల టీచర్ ఇక లేరు." కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేను మాత్రం "ఎట్ల తెలిసింది?" అని రాసి పంపాను. పంపాక చదువుకుంటే సిగ్గేసింది. చావు కబురు చెప్పినవాళ్లను ఎవరైనా ఆధారం అడుగుతారా? కానీ ఎవరూ తప్పు పట్టలేదు. "వాళ్ల బిడ్డ ఫోన్ చేసి చెప్పింది. తెల్లారి నిద్రలనే పోయిండ్రట" అని ఒకామె జవాబు రాసింది. ఆమెదీ మా క్లాసే. ఆ ప్రశ్న ఎవరిదో ఆమెకు తెలుసు. అది నాది కాదు, టీచర్‌ది. ఆరో తరగతిలో నాకు అంటుకుంది, ఇప్పటికీ వదల్లేదు.

హనుమకొండలో మాది ఆడపిల్లల సర్కారు బడి. టీచర్ అక్కడ ఇరవై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పారు. సన్నగా, పొట్టిగా ఉండేవారు. కళ్లజోడుకు నల్లదారం కట్టి మెడలో వేసుకునేవారు, అయినా రోజుకోసారి దాన్ని వెతుక్కునేవారు. ఎవరింట్లో పెళ్లయినా ఆ కార్డు చివరికి ఆవిడ సంచిలోకే చేరేది. ఆ కార్డులు ఎందుకో కొత్తగా చేరిన పిల్లలకు తెలిసేది కాదు. వారం తిరక్కుండానే తెలిసేది.

పెళ్లి కార్డు వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా. దాని మీద స్కేలు పెట్టి పద్నాలుగు గడులు గీసేవారు. కూడిక, తీసివేత, ఎక్కాలు, భాగహారం, భిన్నాలు, శాతాలు, ఇలా గడికొక పేరు. గడికీ గడికీ మధ్య బాణాలు. ఎక్కాల నుంచి భాగహారానికి ఒక బాణం, భాగహారం నుంచి భిన్నాలకు ఒకటి. బాణానికి ఒకటే అర్థం: ఇది రాకుంటే అది రాదు. ఒక్కో పిల్లకు ఒక్కో కార్డు. ప్రతి గడిలో మొదటి వరస ఆవిడ అభిప్రాయం: వచ్చు, కొంచెం వచ్చు, ఇంకా రాలేదు. రెండో వరస ‘ఎట్ల తెలిసింది’. ఆ అభిప్రాయానికి ఎలా వచ్చారో అక్కడ రాసేవారు. మూడో వరస ఖాళీ. అది మాది. ఎర్ర పెన్సిలుతో ‘ఒప్పుకుంట’ అనో ‘ఒప్పుకోను’ అనో మేం రాయాలి. ఒప్పుకోకపోతే ఎందుకో కూడా రాయాలి. ఆ పెన్సిలును ఆవిడే బ్లేడుతో చెక్కి, పొట్టు ఎడమ చేతిలో పట్టుకుని, కుడి చేత్తో మాకిచ్చేవారు.

నాకొచ్చిన కార్డు ముందువైపు బంగారు రంగు వినాయకుడు ఉండేవాడు. దాంతో క్లాసులో రెండు రోజులు ఎగిరెగిరి పడ్డాను. మూడో రోజు వెనక్కి తిప్పి చూస్తే భాగహారం గడిలో ‘ఇంకా రాలేదు’ అని ఉంది. ‘ఎట్ల తెలిసింది: సోమవారం ఐదు లెక్కలిచ్చిన. నాలుగు తప్పు.’ ఏడుపొచ్చింది. టీచర్ ఊరుకోబెట్టలేదు, పెన్సిలు ఇచ్చారు. పావుగంట ముక్కు చీదుకుంటూ ఆ లెక్కలు మళ్లీ చూసుకుని రాశాను: ‘ఒప్పుకోను. నాకు భాగహారం వచ్చు. తొమ్మిదో ఎక్కం రాదు.’

ఆవిడ ఆ నాలుగు లెక్కలూ తీసి చూశారు. నాలుగింట్లోనూ తొమ్మిది ఉంది. సరిగ్గా వచ్చిన ఐదోదాంట్లో లేదు. భాగహారం గడిలో తన మాట కొట్టేసి ‘వచ్చు’ అని రాశారు. వేలితో బాణం మీద వెనక్కి వచ్చి ఎక్కాల గడిలో ‘కొంచెం’ అని పెట్టారు. తర్వాత నా ఎర్ర రాతల కింద నీలం ఇంకుతో ‘ఒప్పుకుంటున్న’ అని రాసి సంతకం చేశారు. నాకప్పుడు పదకొండేళ్లు. పెద్దవాళ్లు నా మాట ఒప్పుకుని సంతకం పెట్టడం నేను అంతకుముందు చూడలేదు. ఆ రోజు ఇంటికి నడిచి వెళ్లినట్టు గుర్తు లేదు, పరుగెత్తే వెళ్లి ఉంటాను.

ఒకసారి మా హెడ్మాస్టర్ ఆ కార్డులు తిరగేసి, "అన్నీ ఉన్నయి గని టీచర్, తెలివికి గడేది?" అని అడిగారు. "దానికి గడి లేదు సార్. ఎట్ల తెలిసిందో నేను రాయలేను" అన్నారు టీచర్. బద్ధకానికీ మొండితనానికీ కూడా ఆ కార్డులో చోటుండేది కాదు. రెండో వరస నింపలేని మాట మొదటి వరసలో ఉండకూడదని ఆవిడ పట్టు.

ఈ అలవాటు క్లాసు బయట కూడా ఆగేది కాదు. ఖిలా వరంగల్‌కు మమ్మల్ని తీసుకెళ్లినప్పుడు అక్కడి గైడు ఒక రాతి స్తంభాన్ని చూపించి ఏదో కథ చెప్పాడు. టీచర్ ఊరుకుంటారా? "ఎట్ల తెలిసింది బాబూ?" అన్నారు. "బోర్డు మీద రాసుంది మేడం" అన్నాడు అతను. "మరి బోర్డుకు ఎట్ల తెలిసింది?" గైడు బిక్కమొహం వేశాడు. మేం ముప్పై మందిమీ నోళ్లకు చున్నీలు అడ్డం పెట్టుకుని నవ్వాం. టీచర్ నవ్వలేదు, నిజంగానే జవాబు కోసం ఎదురుచూశారు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చదువు అయ్యాక నేనూ మరో ఐదుగురూ కలిసి సుబేదారిలో ఒక కిరాణా కొట్టు పై అంతస్తులో చిన్న ఆఫీసు పెట్టాం. పదో తరగతి చదివే సర్కారు బడి పిల్లలు ఫోన్లో లెక్కలు సాధన చేసే యాప్ మాది. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు ఉచితంగా కోచింగ్ కూడా ఇచ్చేవాళ్లం. ఎవరికి ఎంత వచ్చో యాప్ అంచనా వేస్తుంది. వాడే మనిషి గురించి యంత్రం లోపల కట్టుకునే ఆ బొమ్మను మా రంగంలో యూజర్ మోడల్ అంటారు. మా మోడల్ అంటే మాకు మహా గర్వం. వేల అంకెలు కలిపి ప్రతి పిల్లకూ ఒక స్థాయి తేల్చేది. స్థాయి తగ్గితే ఆ పిల్లను పరీక్ష బ్యాచ్ నుంచి తీసి బేసిక్స్ బ్యాచ్‌లో వేసేది. రిటైరైన టీచర్‌ను ఆదివారాలు వచ్చి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిచింది నేనే.

మేడారం జాతర అయిన తర్వాతి ఆదివారం అది. రజిత అనే పిల్ల మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. పరీక్ష బ్యాచ్‌లో ముందుండే పిల్ల. ఆ పొద్దున ఆమె ఫోన్లో ‘నీ స్థాయి తగ్గింది, బేసిక్స్ బ్యాచ్‌కు మారావు’ అని వచ్చింది. బ్యాచ్ మారితే ఆ ఏడు పరీక్షకు మా దగ్గర తయారయ్యే వీలు లేదు. సీటు రాకపోతే బట్టల షాపులో పనికి పెడతామని వాళ్ల నాయన ముందే చెప్పి ఉన్నాడు. పరీక్ష బ్యాచ్‌లో పేర్లు ఖాయం చేయడానికి ఇంకా పది రోజులే ఉన్నాయి.

టీచర్ నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చారు. "గీ పిల్లకు లెక్కలు వస్తలేవని ఎట్ల తెలిసింది?"

"మోడల్ చెప్తాంది టీచర్."

"మోడల్‌కు ఎట్ల తెలిసింది?"

గైడు మొహం గుర్తొచ్చింది. ఈసారి ఆ మొహం నాది. "చాన లెక్కలుంటయి టీచర్ లోపల. ఇది దీని వల్ల అని విడదీసి చెప్పరాదు" అన్నాను.

"నీకే చెప్పరాకుంటే, మరి గా పిల్ల ఎవరితోని కొట్లాడాలె?"

మోడల్ రాసిన మా సహోద్యోగి కల్పించుకున్నాడు. పిల్ల జాతర పేరుతో నాలుగు రోజులు బడి మానేసిందని, అప్పటి నుంచి అన్నీ తప్పులే చేసిందని, టచ్ పోయి ఉంటుందని చెప్పాడు. టీచర్ అతన్ని ఎగాదిగా చూశారు. "మేడారంల తల్లులకు బెల్లం ఇచ్చొచ్చింది గని, ఎక్కాలు ఇచ్చి రాలేదు గదయ్యా?"

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. నా ఆఫీసులో, నా వాళ్ల ముందు, మళ్లీ ఆరో తరగతి పిల్లనైపోయాను. "టీచర్, ఇది పెండ్లి కార్డు కాదు" అన్నాను. ఆ మాట గొంతు దాటగానే తప్పని తెలిసింది. ఆవిడ మొహంలో కోపం లేదు. కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంటూ, "అవును బిడ్డా. పెండ్లి కార్డయితే చదవొస్తది" అన్నారు.

ఆ తర్వాతి మూడు రోజులు మా ఆఫీసు నేలంతా పెళ్లి కార్డులే. పొద్దున తొమ్మిదింటికల్లా షేర్ ఆటో దిగి వచ్చేవారు టీచర్. ఒక విషయంలో ఏమేమి ఉంటాయి, వాటికి ఒకదానితో ఒకటి ఏ సంబంధం అని రాసుకునే పట్టికను మావాళ్లు ఆంటాలజీ అంటారు. నోరు తిరగని పేరు. టీచర్ దాన్ని గడులూ బాణాలూ అనేవారు, మేమూ అలాగే అనడం మొదలుపెట్టాం. మా సహోద్యోగి రెండు వందల గడులతో ఒక పెద్ద పటం గీసుకొచ్చాడు. చూడ్డానికి ఘనంగానే ఉంది. టీచర్ దాన్ని రజిత ముందు పెట్టి, "నువ్వెక్కడున్నవో చూపియ్యి" అన్నారు. రజిత పటం మీద వేలు తిప్పుతూ తిప్పుతూ చివరికి చెయ్యి వెనక్కి తీసుకుంది. సాయంత్రానికి గడులు ఇరవై ఆరుకు దిగాయి. పిల్లకు పేరు అర్థం కాని ప్రతి గడినీ కొట్టేశారు.

"ఇంత సింపుల్‌గ పెడితే అంచనా కరెక్టుగ రాదు మేడం" అని మా సహోద్యోగి వాదించాడు. అతని వాదనలో నిజం లేకపోలేదు. టీచర్ కూడా కొట్టిపారేయలేదు. "తప్పు ఎట్లయినా వస్తది నాయనా. నీ దాంట్ల వస్తే ఎవ్వలకు కనబడది. నా దాంట్ల వస్తే గా పిల్లకే కనబడ్తది" అన్నారు.

మాటల దగ్గర కూడా గొడవే. ‘నీకు భిన్నాలు రావు’ అని తెర మీద చూపిస్తే ఒప్పుకోలేదు. ‘నీకు భిన్నాలు ఇంకా రాలేదని అనుకుంటున్నాం’ అని ఉండాలన్నారు. "అనుకునేది మనం. గది మనదని చెప్పుకోవాలె" అన్నారు. దాని కింద ‘ఎట్ల తెలిసింది’ అనే వరస. ఏ రోజు, ఏ లెక్కలు, ఎన్ని ఒప్పు, ఎన్ని తప్పు. దాని కింద ఎర్ర రంగు బటన్: ‘ఒప్పుకోను’. బటన్ నొక్కితే ఆ సంగతి ఒక టీచర్ దగ్గరికి వెళ్లాలి, టీచర్ జవాబు రాయాలి. పని బుధవారం సాయంత్రానికి అయింది. ఎర్ర రంగు ఎంత ఎర్రగా ఉండాలో కూడా ఆవిడే చూసి చెప్పారు.

గురువారం బడి వదిలాక రజిత వచ్చి తన పేజీ తెరిచి చదువుకుంది. ఆ పిల్ల పెదవులు కదుపుతూ చదువుతుంటే మేమందరం చుట్టూ నిలబడ్డాం. ఎక్కాల గడి దగ్గర ఆగిపోయింది.

"ఇవి నావి కావు టీచర్."

"ఎట్ల తెలిసింది?"

"గీ దినాలు నేను మేడారంల ఉన్న. నాయనతోని, నాయనమ్మతోని పోయిన. ఆడ సిగ్నల్ దొరకదని ఫోన్ ఇంట్లనే పెట్టి పోయిన."

వేల అంకెల మోడల్‌కు ఒక ఫోను అంటే ఒక మనిషి. మా ఊళ్లలో ఒక ఫోను అంటే ఒక ఇల్లు. ఇది మాకు తెలియనిదా? మా ఇంట్లోనూ అంతే కదా! తెలిసి కూడా ఎవరం ఆలోచించలేదు. ఇంకెవరో చేసిన తప్పులన్నీ మూటగట్టి రజిత నెత్తిన పెట్టాం.

టీచర్ మాత్రం ఇంకా తెరనే చూస్తున్నారు. "జర ఆగుండ్రి. ఇవి ఆడుకున్నోళ్ల తప్పులు కావు. కూడికలన్నీ కరెక్టే. ఎక్కాలు రాగానే తప్పు. తప్పయినంక ఊకోలే, మళ్ల గదే లెక్క చేసిండ్రు. ఇగో, మళ్ల. ఆరుసార్లు." కళ్లజోడు నుదుటి మీదికి తోశారు. "ఎవరో నేర్చుకుంటాన్నరు బిడ్డా. ఇంట్ల ఎవరున్నరు?"

"అమ్మ" అంది రజిత. మిర్చి తొడిమలు తీసే పని ఉందని ఆమె జాతరకు పోలేదు.

మర్నాడు రజిత వాళ్లమ్మ వచ్చింది. గుమ్మం లోపలికి రాలేదు. మిరప ఘాటుకో ఏడ్చినందుకో కళ్లు ఎర్రగా ఉన్నాయి. మూడో తరగతి దాకా చదివిందట. ఇంట్లో ఎవరూ లేని ఆ నాలుగు రోజులూ బిడ్డ చేసే లెక్కలు తనకూ వస్తాయేమోనని చూసిందట. "నాతోనే బిడ్డ సీటు పోయిందా టీచరమ్మా?" అని అడిగింది.

"ఎక్కడికీ పోలే. ఫికర్ జెయ్యకు, లోపటికి రా" అన్నారు టీచర్. రజిత చేత ఎర్ర బటన్ నొక్కించారు. ‘ఒప్పుకోను. అవి మా అమ్మవి’ అని రాసింది రజిత. టీచర్ కింద ‘ఒప్పుకుంటున్న’ అని రాశారు. ఒక్క నిమిషంలో ఆ నాలుగు రోజుల జవాబులు పక్కకు పోయి, పిల్ల తిరిగి తన బ్యాచ్‌లోకి వచ్చింది. తర్వాత టీచర్ సంచిలోంచి కొత్త పెళ్లి కార్డు ఒకటి తీశారు, వెనక్కి తిప్పి స్కేలు పెట్టారు. "కూసో. కూడిక వచ్చు. నీకు కార్డు లేకనే గీ లొల్లంత అయింది."

రజిత ఇప్పుడు వరంగల్‌లోనే పాలిటెక్నిక్ రెండో ఏడు చదువుతోంది. మా యాప్‌లో ఆ ఇరవై ఆరు గడులు అలాగే ఉన్నాయి. పాత మోడల్‌ను మళ్లీ పెట్టాలని ఎవరైనా అంటే, ఎర్ర బటన్ నొక్కిన పిల్లలు రాసిన కారణాలు చూపిస్తాను. ‘ఆ రోజు జ్వరం.’ ‘లెక్క వచ్చు, ప్రశ్నే సమజ్ కాలే.’ ‘మా చెల్లె చేసింది.’ ఒక మనిషి గురించి యంత్రం ఏమనుకుంటున్నదో ఆ మనిషికి చదవరావాలి, కాదనే వీలుండాలి. నా వృత్తి మొత్తంలో నాకు అనుమానం లేకుండా తెలిసింది ఇదొక్కటే, ఇది నేను ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు.

రజిత వాళ్లమ్మ మాత్రం మానలేదు. రెండేళ్లుగా ప్రతి ఆదివారం టీచర్ ఇంటికి వెళ్లేది. కార్డులో ఒక్కో గడే ‘వచ్చు’ అయింది.

కిందటి నెల గుండె జబ్బుతో టీచర్‌ను దవాఖానలో చేర్చారు. నేను చూడ్డానికి వెళ్తే మంచానికి వేలాడుతున్న ఫైలు వైపు చూపించారు. "చూసినవా బిడ్డా, నా గురించి రాసింది నాకే చదవరాదు." నేను డాక్టరమ్మను పిలిచాను. చిన్న వయసామె. పాపం ఓపికగా ఒక కాగితం మీద గుండె బొమ్మ గీసి, గదులు గీసి, ఎక్కడ ఏం ఆగిపోతున్నదో బాణాలు పెట్టి చూపించింది. "ఎట్ల తెలిసింది?" అని టీచర్ అడిగితే, పరీక్షల కాగితాలు ఒక్కొక్కటీ తీసి చదివింది. టీచర్ అంతా విన్నారు. నా దగ్గర పెన్ను అడిగి తీసుకుని ఆ బొమ్మ కింద ‘ఒప్పుకుంట’ అని రాశారు. అక్షరాలు ఎప్పటిలా గుండ్రంగానే వచ్చాయి. నేను బయటికి వచ్చి వరండాలో నిలబడి ఏడ్చాను.

పదకొండో రోజు వాళ్లింట్లో భోజనాలు పెట్టారు. వంటాయన నూరు మందికి లెక్క చెప్పాడు: బియ్యం పదిహేను కిలోలు, పప్పు ఐదు కిలోలు. వచ్చేది అరవై మందే. టీచర్ వాళ్ల బిడ్డ ఎటూ తోచక నిలబడితే, కూరగాయలు తరుగుతున్న రజిత వాళ్లమ్మ తలెత్తి, "బియ్యం తొమ్మిది, పప్పు మూడు తూకం ఏపియ్యి బిడ్డా" అంది. తల దించుకుని మళ్లీ వంకాయలు తరగసాగింది. నేను లెక్క సరిచూద్దామని ఫోన్ తీయబోయి జేబులోనే ఉంచేశాను.

చివరి పంక్తి లేచేసరికి గిన్నె అడుగున గుప్పెడు అన్నం మిగిలింది. అందరూ వెళ్లిపోయాక ఆమె చేతులు కడుక్కుని, సంచిలోంచి తన కార్డు తీసింది. భిన్నాల గడిలో టీచర్ ఆఖరిసారి రాసిన మాటలు: ‘కొంచెం వచ్చు. ఎట్ల తెలిసింది: సగం, పావు చెప్తది. ఐదింట్ల మూడు అంటే తడబడ్తది.’

ఆమె టీచర్ ఫోటో ముందు చాప మీద కూర్చుని, కార్డును మోకాలి మీద పెట్టుకుని, ఎర్ర పెన్సిలుతో ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసింది. నేను వెనక నిలబడి చదివాను.

‘ఒప్పుకోను టీచరమ్మా. వచ్చు. ఎట్ల తెలిసింది: నూరు మంది లెక్కల ఐదింట్ల మూడు తీసిన. ఇయ్యాల అరవై మంది తిన్నరు. అన్నం సరిపోయింది.’

కింద టీచర్ సంతకం పెట్టే చోటు ఖాళీగా ఉంచింది. కార్డును ఫోటోకు ఆనించి, ఫ్యాను గాలికి పడిపోకుండా ఎర్ర పెన్సిలు అడ్డం పెట్టింది.